దానానికి లెక్క అడగవచ్చునా?

దానమిచ్చిన గొడ్డుకు పళ్ళు పట్టి చూడకూడదని ఒక సామెత ఉన్నది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మరొక సామెత ఉన్నది. మన పెద్దమనుషులకు మొదటిది నోటికి వచ్చినంత చప్పున రెండోది రాదు. ఏదైనా పెద్ద కంపెనీ ఒక ఆస్పత్రి వార్డుకో, బడికో, మంచినీళ్ళ పంపుకో తన పేరు తగిలించి దానం ప్రకటించినప్పుడు, "ఎంత ఇచ్చారు? ఎవరి డబ్బు ఇచ్చారు? ఇచ్చినందుకు బదులుగా ఏమి పుచ్చుకున్నారు?" అని ఎవరైనా అడిగితే, అడిగినవాడే నేరం చేసినట్టు చూస్తారు. "నువ్వు ఒక్క రూపాయి ఇచ్చావా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్నతో చర్చ ముగిసిపోతుంది. ముగించడానికే ఆ ప్రశ్న పుట్టింది.

ఈ వ్యాసంలో నేను రెండో సామెత పక్షాన వాదించదలచుకున్నాను. కంపెనీల దానధర్మాల లెక్కలు చదవడం అసూయ కాదు, అమర్యాద అంతకన్నా కాదు. అది పౌరుడి హక్కు. చదువు చెప్పేవాళ్ళకూ చదువుకునేవాళ్ళకూ అది విధి కూడాను. ఇందుకు ఉదాహరణ అమెరికా నుంచి తీసుకుంటున్నాను. పెట్టుబడిదారీ వ్యవస్థకు పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు అనదగిన ఆ దేశం మనకు ఆదర్శమేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. ఆ దేశం ఆదర్శం కాదు. కాని ఈ ఒక్క విషయంలో దాని చట్టం మన చట్టం కంటె మెరుగు. శత్రువు ఇంట్లో కిటికీ తెరచి ఉంటే అందులోనుంచి తొంగి చూడకపోవడం వీరత్వం కాదు.

ముందు ఆ కిటికీ సంగతి చెబుతాను. అమెరికాలో పన్ను మినహాయింపు పొందిన ధర్మసంస్థలు, చర్చీలవంటి కొన్నిటిని మినహాయిస్తే, ఏటా పన్నుల శాఖకు ఒక పత్రం దాఖలు చేయాలి. దాని పేరు ఫారం 990. కంపెనీలూ ధనిక కుటుంబాలూ పెట్టుకున్న ప్రైవేటు ఫౌండేషన్లకు అందులోనే మరొక రకం ఉన్నది. దాన్ని 990-పీఎఫ్ అంటారు. సంస్థకు చందాలు ఎంత వచ్చాయి, ప్రభుత్వం ఎంత ఇచ్చింది, అసలు సేవకు ఎంత ఖర్చయింది, కార్యాలయానికి ఎంత, చందాలు వసూలు చేయడానికే ఎంత, పై అధికారుల జీతాలెంత, సంస్థ పెద్దలకూ సంస్థకూ మధ్య ఏ లావాదేవీలు జరిగాయి — ఇవన్నీ అందులో రాయాలి. ఇంతవరకు విశేషం లేదు. ప్రతి దేశంలోనూ పన్నుల శాఖ ఏవో కాగితాలు అడుగుతూనే ఉంటుంది. విశేషం ఏమంటే, ఈ కాగితం పన్నుల శాఖ బీరువాలో మూలగదు. అడిగిన ప్రతివాడికీ గత మూడేళ్ళ పత్రాలను సంస్థ చూపించి తీరాలి. మినహాయింపు కోరుతూ మొదట పెట్టుకున్న దరఖాస్తు కూడా చూపించాలి. ఎందుకు కావాలి, నువ్వెవరు అని అడిగే హక్కు సంస్థకు లేదు.

ఇది పాలకుల ఔదార్యం వల్ల వచ్చిన హక్కు కాదు. దానం చేసిన వ్యక్తులకు పన్ను తగ్గింపు ఇవ్వడం ఆ దేశంలో 1917లో మొదలయింది. కంపెనీలకు ఆ సౌకర్యం 1935లో వచ్చింది. ఆ తరవాత పెద్ద ధనవంతులకు ఫౌండేషన్ పెట్టడం ఒక కొత్త విద్యగా అబ్బింది. ధర్మం పేరుతో ఆస్తికి పన్ను తప్పుతుంది, కంపెనీమీద పెత్తనమూ తప్పిపోదు. టెక్సాస్ నుంచి వచ్చిన రైట్ పాట్‌మన్ అనే కాంగ్రెసు సభ్యుడు 1960ల పొడుగునా ఈ ఫౌండేషన్ల లెక్కలు తవ్వి తీశాడు. ఫలితంగా 1969లో వచ్చిన చట్టం, ఫౌండేషన్ డబ్బుతో దాని యజమానులు సొంత లావాదేవీలు జరుపుకోవడాన్ని నిషేధించింది. ఏటా కొంత కనీస మొత్తాన్ని ధర్మానికి ఖర్చు పెట్టి తీరాలన్నది. ఇటీవల కూడా ఒక పోరాటం జరిగింది. సంస్థలు కంప్యూటరు ద్వారా దాఖలు చేసిన పత్రాలను సైతం పన్నుల శాఖ బొమ్మలుగా మార్చి ఇచ్చేది. వాటిని వెతకడమూ లెక్క కట్టడమూ ఎవరి తరమూ కాదు. కార్ల్ మలముద్ అనే ఆయన నడిపే ఒక చిన్న సంస్థ తొమ్మిది సంస్థల పత్రాలను ఉన్నవి ఉన్నట్టు ఇమ్మని 2013లో దావా వేసింది. 2015లో కోర్టు ఇమ్మన్నది. 2016లో లక్షలాది పత్రాలు ప్రజల ముందుకు వచ్చాయి. మూడు సంవత్సరాలూ, తొమ్మిది కాగితాలూ, ఒక మనిషి మొండితనమూ!

ఇక ఆ పత్రాలను చదివితే ఏమి తెలుస్తుందో చూద్దాం.

మెక్‌డొనాల్డ్స్ కంపెనీ పేరు తెలియని విద్యార్థి ఈనాడు మన పట్టణాలలో ఉండడు. ఆ కంపెనీ ప్రకటనలలో రోనాల్డ్ మెక్‌డొనాల్డ్ అనే విదూషకుడు చాలాకాలం పిల్లలను నవ్వించాడు. అతని పేరుతోనే ఒక ధర్మసంస్థ ఉన్నది. జబ్బుపడ్డ పిల్లలను దూరపు ఆస్పత్రులలో చేర్చినప్పుడు తల్లిదండ్రులు బస చేయడానికి ఆస్పత్రుల పక్కనే ఇళ్ళు నడుపుతుంది. మొదటి ఇల్లు 1974లో ఫిలడెల్ఫియాలో వెలిసింది. ఒక ఫుట్‌బాల్ ఆటగాడి కూతురికి రక్తపు కాన్సరు వచ్చింది. అతని జట్టువాళ్ళూ, ఒక డాక్టరమ్మా పూనుకొని ఆ ఇంటిని నిలబెట్టారు. స్థానికంగా కంపెనీ దుకాణాలు ఒక పండుగకు అమ్మే ఆకుపచ్చని మిల్క్‌షేకుల మీద వచ్చిన డబ్బు ఇచ్చాయి. ఇంటికి కంపెనీ పేరు వచ్చింది. అంటే పుట్టుకలోనే ఈ దానానికి మూడు వేళ్ళున్నాయి: తల్లిదండ్రుల దుఃఖం, ఊరివాళ్ళ శ్రమ, కొనుక్కున్నవాళ్ళ డబ్బు. బోర్డు మీద కెక్కిన పేరు మాత్రం నాలుగోవారిది.

2013లో మిషెల్ సైమన్ అనే ప్రజారోగ్య న్యాయవాది ఈ సంస్థ లెక్కలను పరిశీలించి ఒక నివేదిక ప్రచురించింది. ఆమె ప్రభుత్వ అధికారి కాదు, ఆడిటరు కాదు. ఎవరైనా చూడగల కాగితాలనే ఆమె చూసింది; తేడా ఏమంటే, ఆమె చదివింది. తేలినదేమిటి? ఆ ధర్మసంస్థ ఆదాయంలో కంపెనీ ఇచ్చేది సుమారు అయిదో వంతు. ఊళ్ళలో విడివిడిగా నడిచే చాలా ఇళ్ళకు కంపెనీ నుంచి వచ్చేది పదో వంతు దరిదాపులలోనే. మిగిలిన డబ్బు ఎక్కడిది? ఇతర దాతలది, ఊరి జనానిది, దుకాణాలలో గల్లా పక్కన పెట్టిన పెట్టెలలో కొనుగోలుదారులు వేసిన చిల్లరది. 2011లో కంపెనీ ప్రకటనల మీద చేసిన ఖర్చు దానధర్మాల మీద చేసినదానికి దాదాపు 25 రెట్లు అని కూడా ఆమె లెక్క కట్టింది.

అయిదో వంతు ఇచ్చినవాడికి అయిదు వంతుల కీర్తి. ఇది ఏ వడ్డీవ్యాపారికీ గిట్టని లాభం! పైగా ఆ కీర్తి ఎక్కడ ఉపయోగపడుతుందో ఆలోచించాలి. చక్కెరా, ఉప్పూ, కొవ్వూ నిండిన తిండిని పిల్లలకు అమ్ముతున్నారని డాక్టర్లు ఆ కంపెనీని ఏళ్ళ తరబడి విమర్శిస్తున్నారు. "పిల్లల ఆరోగ్యానికి వీళ్ళు హాని చేస్తున్నారు" అని ఒకరు అనగానే, "జబ్బు పిల్లల తల్లులకు నీడ ఇచ్చేది వీళ్ళే కదా" అని ఇంకొకరు అనడానికి ఆ ఇల్లు అక్కడ సిద్ధంగా ఉన్నది. ప్రకటనకు డబ్బిచ్చి కొన్న మాటను జనం సగమే నమ్ముతారు. కృతజ్ఞతతో ఒక తల్లి అన్న మాటను పూర్తిగా నమ్ముతారు. అటువంటి మాట మార్కెట్టులో దొరకదు కనక దాని ధర అంత ఎక్కువ.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. పెట్టెలలో పడ్డ చిల్లర మీద కూడా కంపెనీ పన్ను తగ్గించుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తనది కాని డబ్బు మీద కంపెనీ తగ్గింపు కోరలేదు. అబద్ధపు ఆరోపణ ఒకటి చేస్తే నిజమైన ఆరోపణలు పది చెల్లకుండా పోతాయి. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు, ఉన్నదే కావలసినంత ఉన్నది.

ఇప్పుడు ఆక్షేపణలకు వద్దాం. మొదటి ఆక్షేపణ గట్టిది. "ఏదైతేనేం, ఆ ఇళ్ళలో తల్లులు పడుకుంటున్నారా, లేదా?" పడుకుంటున్నారు. ఆ ఇల్లు లేకపోతే ఆస్పత్రి వరండాలో కుర్చీ మీద తెల్లవార్లూ కూర్చోవలసినవాళ్ళే. ఆ ఇళ్ళను మూసెయ్యమని ఎవరూ అనలేదు. మన ప్రశ్న వేరు. ఆ పక్క ఎవరి డబ్బుతో వేశారో ఆ తల్లికి నిజం చెప్పారా, లేదా? నలుగురు అనామకులు నాలుగు వంతులిచ్చి, పేరున్నవాడొకడు ఒక వంతిచ్చినప్పుడు, ఆ తల్లి పేరున్నవానికే దండం పెట్టేటట్టు చేయడం ఆ నలుగురికీ అన్యాయం. దానాన్ని మెచ్చుకునేవాళ్ళు అసలైన దాతలను మెచ్చుకోవడానికి ఎందుకు వెనకాడాలి? లెక్క చదవకపోతే అసలు దాత ఎవరో తెలిసే దారి లేదు. కనక లెక్క అడిగేవాడు దానానికి శత్రువు కాడు. నిజమైన దాతకు వకీలు.

రెండో ఆక్షేపణ: "ఆ ఒక్క వంతు మాత్రం వారి సొంతమే కదా! సొంత డబ్బుకు లెక్క అడగడానికి మీరెవరు?" ఇక్కడే మన రెండో సామెత పనికి వస్తుంది. 2017 వరకు అమెరికాలో కంపెనీల ఆదాయం మీద పన్ను రేటు 35 శాతం. 2018 నుంచి 21 శాతం. అంటే ఆ పాత రేటులో పూర్తిగా పన్ను కట్టే కంపెనీ ఒకటి 100 డాలర్లు దానం చేస్తే, అది చేయకపోతే ఖజానాకు చేరవలసిన 35 డాలర్లు చేరవు. దాత జేబునుంచి పోయినది 65. మిగతా 35 బడులకూ, రోడ్లకూ, ఆస్పత్రులకూ రావలసిన ప్రజల డబ్బు. ఆ 35 డాలర్లను ఎక్కడ ఖర్చు పెట్టాలో ప్రజలు ఎన్నుకున్న సభ నిర్ణయించలేదు. కంపెనీ డైరెక్టర్లు నిర్ణయించారు. ప్రజల డబ్బును ప్రజల అనుమతి లేకుండా ఖర్చు పెట్టే అధికారం ఇచ్చినప్పుడు, కనీసం లెక్క చెప్పమనడం ఎక్కువా? మినహాయింపు అనే మాట వినడానికి ఏదో వదిలేసినట్టు ఉంటుంది. వదిలేసినది ఎవరు? మనం. ఎవరికి? వారికి. వదులుకున్నవాడికి అడిగే హక్కు లేదనడం ఏ తర్కం?

మూడో సంగతి ఇంతకంటె లోతైనది. దానం కీర్తి కోసమే జరిగితే అది గర్వమని సరిపెట్టుకోవచ్చు. అధికారం కోసం జరిగితే ఏమనాలి? నలుగురు ఆర్థిక శాస్త్రజ్ఞులు — బెర్‌ట్రాండ్, బొంబార్డీని, ఫిస్‌మన్, ట్రెబ్బీ — అమెరికాలోని అతి పెద్ద కంపెనీల ఫౌండేషన్ల పన్ను పత్రాలను ఏళ్ళ తరబడివి పోగుచేసి చదివారు. వారి పరిశోధన 2020లో అచ్చయింది. ఒక కాంగ్రెసు సభ్యుడు కంపెనీకి సంబంధించిన విషయాలు పరిశీలించే కమిటీలోకి వచ్చినప్పుడు, ఆ సభ్యుని నియోజకవర్గంలోని ధర్మసంస్థలకు ఆ కంపెనీ ఫౌండేషన్ దానాలు పెరిగాయి. కంపెనీల దానాలలో 6.3 శాతం ఇటువంటి రాజకీయ ప్రేరణ గలవి కావచ్చునని వారు అంచనా కట్టారు. ఆ మొత్తం, కంపెనీలు తమ ఎన్నికల సంఘాల ద్వారా బాహాటంగా ఇచ్చే విరాళాలకు రెండున్నర రెట్లు! ఎన్నికల విరాళమైతే పత్రికలు రాస్తాయి, ప్రత్యర్థులు అరుస్తారు. అనాథాశ్రమానికి ఇచ్చిన విరాళాన్ని ఎవరు శంకిస్తారు? అందుకే ఆ దారి. ఈ సత్యం ఏ గూఢచారీ కనిపెట్టలేదు. పద్దు పక్కన పద్దు పెట్టి చదివినవాళ్ళు కనిపెట్టారు.

మా తెలుగు ఎం.ఏ.లో పాఠపరిష్కరణ అని ఒక విద్య నేర్పుతారు. తాళపత్ర ప్రతులలో ఒక మాట మారితే అది లేఖకుడి పొరపాటా, కావాలని చేసిన ప్రక్షిప్తమా అని తేల్చే విద్య. ఆ విద్య పన్ను పత్రాలకు కూడా వర్తిస్తుందని డొనాల్డ్ ట్రంప్ ఫౌండేషన్ రుజువు చేసింది. అది కంపెనీది కాదు, ఒక వ్యాపారి సొంత పేరున పెట్టుకున్నది. అయినా పాఠం ఒకటే. 2013లో ఆ ఫౌండేషన్ ఫ్లారిడా రాష్ట్ర అటార్నీ జనరల్ ఎన్నికకు తోడ్పడే ఒక బృందానికి 25,000 డాలర్లు ఇచ్చింది. ధర్మసంస్థ రాజకీయ బృందానికి డబ్బివ్వడం చట్టవిరుద్ధం. ఆ ఏటి పత్రంలో ఆ బృందం పేరు లేదు. దాదాపు అదే పేరున్న కాన్సాస్ రాష్ట్రపు సంస్థ పేరు ఉన్నది. 2016లో ఈ పాఠభేదం బయటపడింది. గుమాస్తాల పొరపాటన్నారు, 2,500 డాలర్ల జరిమానా కట్టారు. అదే ఏడు డేవిడ్ ఫారెన్‌తోల్డ్ అనే విలేఖరి ఆ ఫౌండేషన్ పత్రాలు ముందు పెట్టుకొని ఒక్కొక్క ధర్మసంస్థనే వాకబు చేయసాగాడు. చివరకు న్యూయార్క్ రాష్ట్రం దావా వేయడమూ, ఫౌండేషన్ రద్దు కావడమూ, 2019లో 20 లక్షల డాలర్లు చెల్లించమని కోర్టు ఆదేశించడమూ జరిగాయి. అధ్యక్ష పదవిలో ఉన్న మనిషికి తన పద్దులే ఎదురు తిరిగాయి.

ఇంతకూ మనకు ఈ లెక్క అడిగే అలవాటు ఎందుకు లేకుండా పోయింది? సాహిత్యం చెప్పేవాడిగా నాకు తోచిన కారణం చెబుతాను. మన ప్రబంధాల అవతారికలలో కృతిపతి దానగుణానికి కల్పవృక్షమూ, కామధేనువూ, కర్ణుడూ చాలరు. ఆ దానం ఏ రైతు కల్లంలోనుంచి వచ్చిందో ఆ పద్యాలు చెప్పవు. మనమూ క్లాసులో అలంకారం పేరు చెప్పి ముందుకు పోతాము. పురాణకథ చూడండి. బలిచక్రవర్తి దానం చేయబోతుంటే, పుచ్చుకునేవాడు ఎవరు, ఈ మూడడుగుల కొలత ఎంతదాకా పోతుందని లెక్క చూసిన ఏకైక వ్యక్తి శుక్రాచార్యుడు. అతనికి దక్కినదేమిటి? ఒక కన్ను పోయింది. దానం జరిగేచోట లెక్క చూసినవాడి కన్ను పొడవాలన్న నీతి మనకు చిన్ననాటినుంచీ ఉగ్గుపాలతో పడుతున్నది.

కాని మన సంప్రదాయంలోనే దీనికి జవాబు కూడా ఉన్నది. అది కావ్యాలలో లేదు, శాసనాలలో ఉన్నది. సర్వమాన్యం అంటే ఏమిటి? పన్ను లేని ఈనాం. అంటే ఆనాటి పన్ను మినహాయింపు. ఆ మినహాయింపు ఇచ్చినప్పుడు దాత ఎవరు, గ్రహీత ఎవరు, పొలం ఎల్లలేమిటి, ఏ ఏ పన్నులు వదిలారు అని రాతిమీద చెక్కించి గుడి ముందు నిలబెట్టేవారు. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం విదేశ వర్తకులనుంచి ఏ సరుకుకు ఎంత సుంకం తీసుకుంటారో బహిరంగంగా ప్రకటించింది. ఆ రాజులు ప్రజాస్వామికవాదులు కారు. చదవగలిగినవాళ్ళూ ఆనాడు కొద్దిమందే. అయినా పన్ను వదిలిన సంగతి దాచవలసిన రహస్యమని ఫ్యూడల్ రాజుకు కూడా తోచలేదు. ఏడెనిమిది వందల ఏళ్ళ తరవాత ప్రజాస్వామ్య రిపబ్లిక్కుకు తోచింది!

మన చట్టం సంగతి చూడండి. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం, 2014 ఏప్రిల్ నుంచి, 500 కోట్ల నికర ఆస్తి గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఏ పనికి ఎంత కేటాయించారో కంపెనీ వార్షిక నివేదికలో చెప్పాలి. ఇది కొంత మేలే. కాని ఆ డబ్బు కంపెనీవారే పెట్టిన ట్రస్టులోకి పోయిన తరవాత ఏమవుతుంది? ఎవరికి జీతాలు, ఎవరి దగ్గర కొనుగోళ్ళు, ఎవరి భవనానికి అద్దె? ఆ ట్రస్టు కంపెనీల చట్టం కింద నమోదయితే రుసుము కట్టి బాలెన్స్ షీటు చూడవచ్చు. మామూలు ట్రస్టయితే ఆ దారీ లేదు. ఆ ట్రస్టు ఆదాయానికి మాత్రం పన్ను మినహాయింపు ఉంటుంది. మినహాయింపు పొందుతూ అది పన్నుల శాఖకు సమర్పించే రిటర్ను రహస్యం. పౌరుడు అడిగితే చట్టం తలుపు వేస్తుంది.

ఎంత గట్టిగా వేస్తుందో ఒక ఉదాహరణ చాలు. 2020 మార్చిలో పి.ఎం. కేర్స్ నిధి ఏర్పడింది. కంపెనీలు తమ 2 శాతం నుంచి దానికి ఇవ్వవచ్చునని ప్రభుత్వం వెంటనే ప్రకటించింది. ఆ నిధికి పన్ను మినహాయింపు ఏ కాగితాల మీద ఇచ్చారో చూపమని ఒక పౌరుడు సమాచార హక్కు కింద అడిగాడు. కేంద్ర సమాచార కమిషన్ ఇమ్మన్నది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పన్ను చట్టం కింద అటువంటి సమాచారం వెల్లడించాలో వద్దో నిర్ణయించే అధికారం పన్నుల శాఖ ఉన్నతాధికారిదే గాని కమిషన్‌ది కాదన్నది. అమెరికాలో ఏ ధర్మసంస్థ దరఖాస్తునయినా దారిన పోయేవాడు అడిగి చూడవచ్చు. ఇక్కడ దేశ ప్రధాని పదవి పేరుతో నడిచే నిధి దరఖాస్తును సమాచార కమిషన్ కూడా తెప్పించలేకపోయింది.

లెక్క అడగకపోవడం వల్ల వచ్చే అనర్థం తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. సత్యం కంప్యూటర్స్ అధినేత కుటుంబం పూనికతో 2005లో 108 అంబులెన్సుల సేవ మొదలయింది. ఆ సేవ అబద్ధం కాదు. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కొద్దికాలానికే నడిపే ఖర్చులో అత్యధిక భాగం రాష్ట్ర ఖజానానే భరించింది. కీర్తిలో అత్యధిక భాగం మాత్రం దాత ఇంటికి చేరింది. 2008లో ఆ కంపెనీకి ఉత్తమ పాలన నిర్వహణకు బంగారు నెమలి బహుమతి కూడా వచ్చింది. 2009 జనవరి 7న ఆ అధినేతే లేఖ రాసి, పుస్తకాలలో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నాడు. అంబులెన్సుకూ ఆ దొంగ లెక్కకూ సంబంధం ఉన్నదని నేను అనడం లేదు. నేననేది ఇది: అంత పెద్ద దాతను అనుమానించడం పాపమన్న వాతావరణం ఒకటి రాష్ట్రంలో అలుముకున్నది. ఆ వాతావరణంలో లెక్క అడిగే గొంతు పెగలలేదు. పొగడ్త పాడినవాళ్ళలో మన వృత్తివాళ్ళు తక్కువ లేరు. దాతకు స్వాగతపత్రం రాయవలసి వస్తే కాలేజీలో కబురు వచ్చేది తెలుగు శాఖకే కదా!

ఇక మనవాళ్ళతో ఒక మాట. "దానధర్మాలు మొత్తంగా బూర్జువా మోసం. శ్రామికుని అదనపు విలువలోనుంచి చిటికెడు తీసి వానికే ప్రసాదం పెడుతున్నారు. ఆ చిటికెడు ఎంతో కొలిచి ఏమి లాభం? వ్యవస్థ మారితే అన్నీ అవే సర్దుకుంటాయి" అని వాదించే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. మొదటి రెండు వాక్యాలతో నాకు పేచీ లేదు. మూడో వాక్యం మాత్రం సోమరితనానికి సిద్ధాంతం తొడిగిన తొడుగు. 'కేపిటల్' రాసినాయన బ్రిటిష్ మ్యూజియంలో ఏళ్ళ తరబడి కూర్చొని చదివినది ఏమిటి? ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు, పార్లమెంటు ప్రచురించిన నీలి పుస్తకాలు. బూర్జువా ప్రభుత్వం అచ్చువేసిన కాగితాలలోనుంచే ఆయన బూర్జువా వర్గం మీద నేరపత్రం తయారు చేశాడు. దోపిడీ జరుగుతున్నదని అనడానికి ఆవేశం చాలు. ఇంత జరుగుతున్నది, ఈ దారిన జరుగుతున్నది అని చెప్పడానికి పద్దులు కావాలి. "మోసం" అన్న మాటకు కంపెనీవారు నవ్వి ఊరుకుంటారు. "అయిదో వంతు" అన్న మాటకు జవాబు చెప్పవలసి వస్తుంది.

కాబట్టి మనం కోరవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. పన్ను మినహాయింపు పొందిన ప్రతి ధర్మసంస్థ దరఖాస్తూ, ఏటేటి రిటర్నూ ప్రజలకు తెరచి ఉంచాలి. వ్యక్తుల ఆదాయం వారి సొంత విషయమంటే ఒప్పుకుందాం. ట్రస్టుకు దాచుకోవలసిన సొంత బతుకంటూ లేదు. కంపెనీ పేరు తగిలించిన ప్రతి కట్టడం మీదా, ఆ పేరు పక్కనే, ఎంత కంపెనీది, ఎంత ప్రభుత్వానిది, ఎంత జనానిది అని తెలుగులో రాయించాలి. ఇవి సాధించేదాకా, దొరికిన కాగితాలనైనా చదవాలి. కంపెనీల వార్షిక నివేదికలు ఈనాడు కూడా తెరచే ఉన్నాయి. అందులోని దానాల పట్టికను ఊళ్ళోకి తీసుకుపోయి, రాసిన బడి కట్టారా, వేసిన పంపులో నీళ్ళు వస్తున్నాయా అని పోల్చి చూడడానికి ఏ చట్టమూ అడ్డు లేదు. వ్యాకరణం నేర్పే మేష్టరూ, లెక్కలు నేర్పే మేష్టరూ నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకుంటే ఒక సెలవురోజు పని.

ఒక్క హెచ్చరిక. ఈ పనికి పూనుకున్నవాళ్ళను కృతఘ్నులంటారు. ఇచ్చినవాడి పెట్టెలో మీ డబ్బు ఎంత ఉన్నదో తేలేదాకా ఆ మాట పడండి. తేలిన తరవాత ఎవరు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో లెక్కే చెబుతుంది.